మన జిల్లా పాత రాజధానిలో రెండు మ్యూజియాలు

ఈసారి రాసే వంతు మాకు వచ్చింది. కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్ళం, ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే పెదనాన్నగారు ఎప్పట్లాగే ఫోన్ చేసి చెప్పండి, దిద్దుకుంటాం. పోయిన దసరా సెలవుల్లో మామ్మని హైదరాబాదు తీసుకెళ్ళిన సంగతి రాయమని భీమవరం అత్తయ్యగారు అప్పటినుంచీ అడుగుతున్నారు. రాయడానికి కూర్చుంటే ప్రయాణం తక్కువ, చరిత్ర ఎక్కువ అయింది. ఏం చేస్తాం, బయలుదేరిన రోజున మా అమ్మాయి వేసిన ప్రశ్న అలాంటిది.

మామ్మ దాన్ని ఊరించడానికి "రాజధాని చూసొద్దాం, పద" అంది. నాలుగో క్లాసు పిల్ల, ఊరుకుంటుందా? "మన రాజధాని బెంగళూరు కదా మామ్మా, హైదరాబాదు వేరేవాళ్ళది" అంది. కవితాళ బస్టాండులో, రాయచూరు బస్సు కోసం నిలబడి ఉండగా. మామ్మ నాన్న వైపు చూసింది, నాన్న మావైపు చూశారు. చుట్టాలకి చెప్పినట్టు "బెంగళూరు దూరం, హైదరాబాదు దగ్గర" అని చెప్పేయొచ్చు. అది నిజమే, బెంగళూరుకైతే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. కానీ ఆ జవాబు మాకే సరిపోలేదు.

అసలు జవాబు ఇది. 1956 నవంబరు 1 దాకా మన రాయచూరు జిల్లాకి రాజధాని హైదరాబాదే. నిజాం రాజ్యంలో రాయచూరు ఉండేదని అందరికీ తెలుసు గానీ, మధ్యలో ఏడేళ్ళు చేయి మారిందని తక్కువమందికి తెలుసు. 1853లో నిజాం తన అప్పుల కింద ఇంగ్లీషువాళ్ళకి అప్పగించిన ప్రాంతాల్లో బీరారుతో పాటు రాయచూరు దోఆబు కూడా ఉంది. 1860లో మళ్ళీ వెనక్కి వచ్చింది. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు పంచినప్పుడు రాయచూరు, గుల్బర్గా, బీదరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చాయి. మన జిల్లాలోనే ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్ వైపు వెళ్ళాయి. అన్నదమ్ముల వాటాలు పంచినట్టే పంచారు. మేము బడిలో ఉన్నప్పుడు మన ప్రాంతం పేరు హైదరాబాద్ కర్ణాటక. 2019లో కల్యాణ కర్ణాటక అని మార్చారు. మాకు ఉద్యోగానికి, చదువుకి పనికొచ్చిన 371జె సర్టిఫికెట్ కూడా ఆ పాత రాజధాని కింద వెనకబడిపోయిన జిల్లాలనే ఇచ్చింది. పేరు పోయినా సర్టిఫికెట్ ఫైల్లో ఉంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మన కుటుంబం వచ్చింది 1960ల్లో. అంటే తాతయ్య వచ్చేసరికే ఇది మైసూరు రాష్ట్రం. హైదరాబాదు రాజధానిగా ఉన్న రాయచూరుని మనవాళ్ళెవరూ చూడలేదు. అయినా మనల్ని ఇక్కడికి రప్పించిన కాలువ మాత్రం ఆ కాలందే. తుంగభద్ర ఆనకట్టకి 1945లో శంకుస్థాపన చేసింది అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు హైదరాబాదు ప్రభుత్వం కలిసి. కుడి వైపు వాళ్ళది, ఎడమ వైపు నిజాంది. మేము బడిలో "ఎడదండె నాలె" అని చదువుకున్న ఎడమ కాలువ ఆ నిజాం వాటా. 1953 నుంచి నీళ్ళు వదిలారు, నల్లరేగడిలో వరి పండించడం తెలిసినవాళ్ళు కావాల్సి వచ్చింది, గోదావరి, కృష్ణ, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. మన క్యాంపూ అందులో ఒకటి. కాలువ చివరి భూములు కాబట్టి నీళ్ళు చివరికి వస్తాయి, ఒక్కో ఏడు రావు. ఆ కష్టం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

రైలు కృష్ణ వంతెన ఎక్కగానే మామ్మ రూపాయి బిళ్ళ తీసి కిటికీలోంచి వేసింది. "ఇవే బెజవాడకి వెళ్ళే నీళ్ళు" అని అమ్మాయికి చెప్పింది. తాతయ్య కూడా ప్రతిసారీ ఇక్కడ బిళ్ళ వేసేవారట.

మామ్మ హైదరాబాదు వెళ్దామని అడగడానికి కారణం తాతయ్యే. మొదట్లో భీమవరానికి, ఇక్కడికి తిరుగుతున్నప్పుడు ఆయన సికిందరాబాదులో రైలు మారేవారు. ఒకసారి మధ్యలో చాలా గంటలు ఖాళీ దొరికి సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చారు. అది అప్పుడు ఇప్పటి భవనంలో లేదు, దివాన్ దేవిడీ అనే పాత నవాబు మేడలోనే ఉండేది. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు తెరిచింది అక్కడే. ఇప్పుడు మూసీ పక్కన ఉన్న భవనంలోకి 1968లో మారింది. తాతయ్య ఇంటికొచ్చి మామ్మకి చెప్పింది ఒక్క బొమ్మ గురించే. "రాతి మనిషికి తడిబట్ట కప్పారు, బట్టలోంచి మొహం కనిపిస్తుంది. బట్ట కూడా రాయే. నిన్నూ తీసుకెళ్తా." తర్వాత పొలం, పిల్లలు, అప్పు, నీళ్ళు. తీసుకెళ్ళలేదు. ఆయన పోయాక మామ్మ ఆ మాట ఎత్తలేదు కూడా. పోయినేడు మోకాళ్ళు బాగా పట్టేసిన తర్వాత ఒకరోజు మామూలుగా, అన్నం తింటూ, "ఆ బొమ్మ ఇంకా ఉందంటావా?" అని అడిగింది.

ఉంది. మామ్మకి చక్రాల కుర్చీ తీసుకున్నాం. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట, శుక్రవారం సెలవు, అది చూసుకుని టికెట్లు కొనుక్కోండి.

ఆ బొమ్మ పేరు ముసుగు రెబెక్కా. చెక్కింది ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోని. బైబిల్లో కథ. దూరదేశం నుంచి పెళ్ళికూతురుగా వచ్చిన రెబెక్కా, పెళ్ళికొడుకు ఇస్సాకు పొలంలో ఎదురొస్తుంటే చూసి, ఎవరో తెలిసి, ముసుగు వేసుకుంటుంది. ఆ క్షణం అది. మేము కథ చెప్తుంటే మామ్మ బొమ్మ మీంచి కళ్ళు తిప్పలేదు. చాలాసేపటికి "మరి ఈవిడకి పొలంలోనైనా కనిపించాడు. మీ తాతయ్య నన్ను క్యాంపులో దింపి ఆ పూటే నీళ్ళు కట్టడానికి వెళ్ళిపోయారు" అంది. పక్కన నిలబడ్డ తెలుగువాళ్ళెవరో నవ్వారు. మామ్మ నవ్వలేదు. ఇంకాసేపు ఉంటానంది, ఉన్నాం.

అక్కడ మేము ఊరికే ఉండలేకపోయాం. రోజూ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం మా ఉద్యోగం. బోర్డు చదివితే తేదీ మీద కన్ను పడుతుంది. ఈ బొమ్మని 1876లో ఇటలీలో కొన్నది మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్. నిజాం దివాను. 1853లో, రాయచూరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయిన ఆ ఏడే, ఆయన దివాను అయ్యాడు. 1860లో తిరిగి వచ్చింది కూడా ఆయన హయాంలోనే. 1883లో పోయేదాకా ఆయనే దివాను. మ్యూజియంలో ఉన్నవాటిలో ఎక్కువ కూడబెట్టింది మనవడు మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయన 1912 నుంచి రెండేళ్ళు దివానుగా చేసి, తర్వాత పెళ్ళీ పెటాకులూ లేకుండా వస్తువులు కొంటూనే 1949లో పోయాడు.

ఇక్కడ మన జిల్లా వస్తుంది. సాలార్‌జంగ్ వంశానికి పెద్ద జాగీరు ఉండేది. ఆ జాగీరులో కొప్పళ, యలబుర్గ తాలూకాలు ఉన్నాయి. రెండూ అప్పటి రాయచూరు జిల్లావే, కొప్పళ వేరే జిల్లా అయింది 1997లో. అంటే ఆ తాలూకాల రైతు కట్టిన శిస్తు సర్కారుకి కాదు, నేరుగా ఈ నవాబు ఖజానాకి చేరేది. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా అంతే. మనం చిన్నప్పుడు హుళిగమ్మ జాతరకి వెళ్తూ దాటిన కొప్పళ పక్క జొన్న చేలు, ఈ గడియారాలకీ పచ్చరాతి కత్తులకీ దంతపు కుర్చీలకీ దూరం చుట్టాలు అన్నమాట.

1876 అంటే ఇంకొకటి కూడా. ఆ ఏడు వానలు పోయాయి. 1876 నుంచి 1878 దాకా దక్కనంతా పెద్ద కరువు. మద్రాసు, మైసూరు, బొంబాయి జిల్లాల్లో, నిజాం రాజ్యంలో మన దోఆబు వైపున. రాయలసీమ వాళ్ళు ధాత కరువు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. దివాను రోములో బొమ్మ చూసి ముచ్చటపడింది ఆ ఏడే.

ఈ మాట మేము నాన్నతో మెల్లగా అన్నాం, మామ్మకి వినపడకుండా. బొమ్మ మీద ఆవిడ సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక. న్యాయంగా చెప్పాలంటే మొదటి సాలార్‌జంగ్ చెడ్డ పాలకుడు కాదు. శిస్తు వసూలు గుత్తకిచ్చే పద్ధతి తీసేశాడు, జిల్లాలు, తాలూకాలు ఏర్పాటు చేశాడు, దివాలా తీసిన ఖజానా నిలబెట్టాడు. ఆయన యూరపుకి బయలుదేరినప్పటికి వానలు పోతాయని ఎవరికీ తెలియదు. ఏ రూపాయి ఏ ఊరిదో రూపాయి మీద రాసి ఉండదు కూడా. నాన్న అంతా విని, "చెక్కినవాడి పేరు రాశారు, కొన్నవాడి పేరు రాశారు. శిస్తు కట్టినవాడి పేరు ఎవడు రాస్తాడు, రాస్తే గోడ చాలదు" అన్నారు. కోపంగా కాదు. ఆయన ఆ రోజంతా కాలువ కబుర్ల కోసం ఫోన్ చూసుకుంటూనే ఉన్నారు, మనసు అక్కడే ఉంది.

గడియారం దగ్గర జనం చెప్పక్కర్లేదు. గంట కొట్టే వేళకి అందరూ చేరతారు, గడ్డపాయన చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు, అంతే. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వాళ్ళ గడియారం. మా అమ్మాయికి రెబెక్కా కంటే అదే నచ్చింది. మళ్ళీ గంటదాకా ఉందామని ఏడ్చింది.

రెండో రోజు పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం. ఇక్కడ జనం తక్కువ. మాకు మాత్రం ఇదే ఎక్కువ పట్టింది. ఎందుకంటే మొదటిది ఒక ఇంటివాళ్ళు కూడబెట్టింది, ఇది రాజ్యం కూడబెట్టింది. గేటు దగ్గరే మా అమ్మాయి ప్రశ్నకి ఇంకో జవాబు దొరికింది. తెల్లటి అసెంబ్లీ భవనం చూపించి, "1952 నుంచి 1956 దాకా మన రాయచూరు జిల్లాలో గెలిచిన ఎమ్మెల్యేలు కూర్చున్నది ఇక్కడే" అని చెప్పాం. అప్పుడు ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారు. కన్నడంవాళ్ళు, మరాఠీవాళ్ళు, తెలుగువాళ్ళు, ఉర్దూవాళ్ళు ఒకే సభలో. "ఏ భాషలో మాట్లాడుకునేవాళ్ళు?" అని అడిగింది. మన క్యాంపు పక్క సంతలో ఏ భాషలో మాట్లాడతామో చెప్పమన్నాం. "అన్నీ" అంది.

మ్యూజియంలో పిల్లలకి ఈజిప్టు మమ్మీ. దాని గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మేము వదిలేస్తున్నాం. మమ్మల్ని ఆపింది అజంతా చిత్రాల నకళ్ళు. హైదరాబాదులో అజంతా ఏమిటి అని ముందు అనిపించింది. తర్వాత వెలిగింది. అజంతా ఉన్న ఔరంగాబాదు జిల్లా కూడా నిజాం రాజ్యమే, అజంతా ఊరైతే సాలార్‌జంగుల జాగీరే. అంటే ఈ మ్యూజియం పుట్టినప్పుడు దాని ఇల్లు ఇప్పటి తెలంగాణ కాదు. ఔరంగాబాదు నుంచి మన తుంగభద్ర ఒడ్డు దాకా. ఆ ఇల్లు మూడు వాటాలైంది. ఉమ్మడి సామాను పెద్ద వాటా వాళ్ళింట్లో ఉండిపోయింది. అది తప్పని అనడం లేదు, సామాను ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. మనం చూడటానికి వెళ్ళినప్పుడు పరాయి ఇంటికి వెళ్ళినట్టు గుమ్మంలో నిలబడక్కర్లేదు, అంతవరకే మేము అనేది.

దానికి రుజువు మన పక్కూరే, మస్కి. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీగారిని అధిపతిగా వేసింది. ఆ మరుసటి ఏడు, 1915లో, బీడన్ అనే బంగారు గనుల ఇంజినీరు మస్కి గుట్ట మీద బండ మీద రాత చూశాడు. హట్టి బంగారు గనులు అక్కడికి దగ్గరే, మీకు తెలిసిందే. బంగారం వెతికేవాడికి అశోకుడు దొరికాడు. అప్పటిదాకా దేశంలో దొరికిన శాసనాల్లో రాజు తన్ను దేవానాంప్రియుడనీ, ప్రియదర్శి అనీ చెప్పుకున్నాడు తప్ప అశోకుడన్న పేరు లేదు. 1837లో ప్రిన్సెప్ ఆ లిపి చదివాడు. సింహళం గ్రంథాల సాయంతో టర్నర్ అనే ఆయన ఈ ప్రియదర్శే అశోకుడని చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు గానీ రాతిలో రుజువు లేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ తర్వాత మస్కి బండ మీద అశోకుడన్న పేరే కనిపించింది. మా ఉద్యోగంలో ఇలాంటివి చూస్తుంటాం. అందరూ నిజమే అనుకుని ముందుకెళ్ళిపోయినదాన్ని ఎవరో ఒకరు చివరికి పరీక్షించి చూడాలి.

దాన్ని చదివి ప్రకటించింది హెచ్. కృష్ణశాస్త్రిగారు. హైదరాబాదు పురావస్తు శాఖ వేసిన పుస్తకాల వరసలో మొట్టమొదటి నంబరు ఆ మస్కి శాసనమే, 1915లో. అంటే ఆ రాజధాని తన చరిత్ర రాయడం మొదలుపెట్టిందే మన పక్కూరి బండతో. ఈ సంగతి మ్యూజియం బెంచీ మీద కూర్చుని చెప్తే మామ్మ, "ఏ మస్కి? మనం పత్తి అమ్మిన మస్కేనా?" అంది. అవును, అదే. మాకూ బడిలో మస్కి ఒక మార్కు ప్రశ్న, అశోకుడి పేరున్న శాసనం ఏది అని. ఒక మార్కు వచ్చింది, గుట్ట మాత్రం ఎక్కలేదు. సంతకి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు.

బండని ఎవరూ హైదరాబాదు తీసుకెళ్ళలేరు, కాబట్టి అది మస్కిలోనే ఉంది. ఇలా తీసుకెళ్ళలేనిది మన జిల్లాలో ఇంకొకటి ఉందని తిరుగు రైల్లో గుర్తొచ్చింది. రాయచూరులో దిగాక కవితాళ బస్సుకి టైముంది. కోట బస్టాండుకి దగ్గరే. మామ్మ అలిసిపోయి ఉంటుందనుకున్నాం. ఆవిడే "పదండి, మళ్ళీ ఎప్పుడొస్తాం" అంది. ఆటోలో వెళ్ళాం.

పడమటి గోడలో పేర్చిన ఆ రాయి 41 అడుగులకి పైన పొడుగు, ఒకటే రాయి. దానిమీద 1294 నాటి శాసనం. కాకతీయుల సామంతుడు గోన గన్నయరెడ్డి తరఫున విఠలుడనే సేనాని ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలు పట్టుకుని, రాయచూరు ప్రవేశించి, ఈ గోడ కట్టించాడని. మానువ అంటే మన మాన్వే, కవితాళ మొన్నమొన్నటిదాకా ఉన్న తాలూకా. కొన్నిచోట్ల ఈ కోటని రుద్రమదేవి కాలానిదని రాస్తారు. కానీ నల్గొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని బట్టి రుద్రమదేవి 1289లోనే పోయింది. 1294 అంటే ప్రతాపరుద్రుడి పాలన. పెద్దలు ఇదివరకు ఈ పేజీలో రుద్రమ అనే రాశారు, వీలైతే దిద్దండి.

క్యాంపులవాళ్ళు తెలుగుని రాయచూరుకి తెచ్చారని ఇక్కడ కొందరు అంటారు, కాస్త ఎత్తిపొడుపుగానే. బడిలో మేమూ పడ్డాం. ఈ రాయి చూపించి వాదించొచ్చు. కానీ విఠలుడు వచ్చింది కోట పట్టుకోవడానికి, తాతయ్య వచ్చింది నీళ్ళు కట్టుకోవడానికి. ఆయన చుట్టరికం మనకెందుకని మాకు అనిపించింది. పైగా ఆ కాలం అక్షరాలకి కన్నడమూ తెలుగూ ఇంకా వేరు పడలేదు. మా అమ్మాయి దగ్గరికెళ్ళి ఒక్కో అక్షరం కన్నడంలో పోల్చుకుంటూ, "ఇది ర, ఇది గ" అంటుంటే, మా అమ్మ అవే అక్షరాలు తెలుగులో పోల్చుకుంది. ఇద్దరికీ దొరికినవి దొరికాయి, మిగతావి ఇద్దరికీ రాలేదు.

మామ్మ అక్షరాల జోలికి పోలేదు. ఆ రాయి మీదే, ఆ రాయిని బండి మీద తెస్తున్నట్టు గీతల బొమ్మ ఉంది. బండికి వరసగా కట్టిన పశువులు, తోలే మనుషులు. మామ్మ కర్ర ఆనించుకుని వంగి చూసింది. "మేము రాయచూరు స్టేషన్లో సామాను దింపి రెండెడ్ల బండి మీద వేసుకెళ్ళాం. బీరువా దారిలో పడింది" అంది. తర్వాత వేలు పెట్టి జతలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సగంలో నాన్నకి క్యాంపు నుంచి ఫోను. పై గేటు ఎత్తారట, రాత్రికి మన వంతు నీళ్ళు వస్తాయట. లెక్క మధ్యలో వదిలేసి ఆటో ఎక్కాం. ఎన్ని జతలో ఈసారి రాయచూరు వెళ్ళినవాళ్ళు లెక్కపెట్టి మామ్మకి చెప్పండి, అడుగుతూ ఉంది.